నాలుగు వాటాల ఇల్లు



కోనసీమలో చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ముందు కళ్ళబడేది కొబ్బరి తోట. ఆ తర్వాత బంగారం, వరిచేను, కాస్త గుండె ధైర్యం ఉన్నవారికి రొయ్యల చెరువు. ఈ మధ్య ఈ వరసలోకి ఇంకొకటి చేరింది. కింద రెండు వాటాలు, పైన రెండు వాటాలు ఉన్న డాబా ఇల్లు కొని అద్దెలకిచ్చుకోవడం. గల్ఫ్ నుంచి డబ్బు పంపేవారు, రిటైరై చేతికి మొత్తం అందుకున్న మాస్టార్లు, రోడ్డు పక్క కుంచం భూమి అమ్మినవారు ఈ ఆలోచనలో ఉన్నారు. దింపుకి దింపుకి మధ్య కొబ్బరికాయ ధర ఎటు పోతుందో తెలీదు, అద్దె అయితే ఒకటో తారీఖుకి పెన్షన్‌లా వచ్చి పడుతుందని వారి నమ్మకం. నమ్మకంలో తప్పు లేదు. లెక్క మాత్రం చాలామంది తిరగేసి వేస్తున్నారు. ఇల్లు చూసి, ధర బేరమాడి, రిజిస్ట్రేషన్ అయ్యాక టు-లెట్ బోర్డు కట్టి, ఎంత వస్తే అంత అనుకుంటున్నారు. అద్దె కట్టబోయే మనిషికి జీతం ఎక్కడినుంచి వస్తుందో ముందు చూసి, అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చి ఇంటి ధర దగ్గర ఆగాలన్నది నేను చెప్పదలచుకున్న మాట.

కాట్రేనికోననే తీసుకుందాం. ఇది మండల కేంద్రం. తాసీల్దారు కార్యాలయం, మండల పరిషత్తు, బ్యాంకులు, బడులు ఉన్నాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక బయటి ఊళ్ళనుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు కొన్ని పెరిగాయి. ఇదే మండలంలో చెయ్యేరులో ఇంజనీరింగు కాలేజీ ఉంది, అక్కడ కుర్రాళ్ళూ లెక్చరర్లూ గదులు వెతుక్కుంటారు. సముద్రం వైపు వెళితే చెరువుల మీద పనిచేసే టెక్నీషియన్లు, మేత కంపెనీల, మందుల కంపెనీల ప్రతినిధులు. ఇంతవరకే మన అద్దెదార్ల సంత. ఇది చిన్న సంత. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా పోయే 216 జాతీయ రహదారి కాట్రేనికోన సెంటరుకి ఎడంగానే ఉంటుంది. బైకు ఉన్న ఉద్యోగి పిల్లల చదువు కోసం అమలాపురంలో కాపురం పెట్టి ఇక్కడికి రోజూ వచ్చి పోతాడు. పైగా 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక, కలెక్టరేటుతో పాటు వచ్చిన ఉద్యోగుల అద్దెలన్నీ అటే పోయాయి. కాబట్టి ఇక్కడ కొనేవారు మొదట చేయవలసింది సెంటు ధర కనుక్కోవడం కాదు. ఇప్పటికే అద్దెలకున్న ఇళ్ళు ఎన్ని, అందులో ఎన్ని నెలల తరబడి తాళాలు వేసి ఉన్నాయి, ఉన్నవారు ఏ పని చేస్తున్నారు, ఎంత కడుతున్నారు అని వీధి వీధీ తిరిగి రాసుకోవడం. రెండు ఆదివారాల పని. లక్షలు పెట్టే ముందు ఆ రెండు ఆదివారాలు పెట్టనివారే ఎక్కువ.

వాటాల ఇంటికున్న అసలు బలం ఏమిటంటే, ఒక కుటుంబం ఖాళీ చేసినా మిగతా మూడు అద్దెలు ఆగవు. ఒంటి ఇల్లు ఖాళీ అయిందంటే ఆ నెల ఆదాయం సున్నా. ఈ మాట నిజమే, కానీ నాలుగు వాటాలూ నాలుగు రకాల సంపాదనల మీద నిలబడినప్పుడే నిజం. నాలుగింట్లోనూ రొయ్యల మీద బతికేవారే ఉంటే అవి నాలుగు వాటాలు కావు, ఒక్కటే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు మొదట ఉలిక్కిపడింది మన రొయ్య రైతులే. చెరువు ఎండగడితే టెక్నీషియన్‌కి పని ఉండదు, మేత కంపెనీ కుర్రాణ్ణి వేరే జిల్లాకి పంపేస్తుంది, ఒకే నెలలో రెండు తాళాలు పడతాయి. కాలేజీ పిల్లలతోనూ ఇదే చిక్కు. సెలవులకి అందరూ ఒకేసారి వెళతారు. అందుకని ఒక వాటాలో బడి మాస్టారు, ఒకదాంట్లో సచివాలయం ఉద్యోగి, ఒకదాంట్లో కొట్టు నడుపుకునే కుటుంబం, ఒకదాంట్లో చెరువుల మీద పని ఉన్నవారు ఉండేలా చూసుకోవడం యజమాని చేతిలో ఉన్న మంచి భద్రత. ఐదు వందలు ఎక్కువిస్తామన్నారని నాలుగూ ఒకే కంపెనీకి రాసిచ్చేవారు ఈ భద్రతని అమ్ముకుంటున్నట్టే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఇది ఉదాహరణ కోసం వేసుకున్న లెక్క, మీ వీధి అంకెలు మీరు పెట్టుకోండి. వాటాకి 5,000 చొప్పున నాలుగు వాటాలకి నెలకి 20,000, ఏడాదికి 2,40,000. ఇక్కడే ఆగి సంతోషించేవారున్నారు. ఏడాదిలో ప్రతి వాటా ఒక నెల ఖాళీగా ఉంటుందనుకోండి, 20,000 పోయింది. సున్నం, రంగు, కుళాయిలు, పగిలిన పైపులు, మోటారు వైండింగు కలిపి ఏడాదికి 30,000 పక్కన పెట్టాలి. ఇంటి పన్ను, నీళ్ళ మోటారు కరెంటు, సెప్టిక్ ట్యాంకు తోడించడం, బీమా కలిపి ఇంకో 20,000. మిగిలింది 1,70,000. నెలకి పద్నాలుగు వేల చిల్లర. అమ్మేవారు ఆ ఇంటికి 60 లక్షలు అడిగారనుకుందాం. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. అరవై నాలుగున్నర లక్షలు పెట్టి ఏడాదికి లక్షా డెబ్భై వేలు తెచ్చుకుంటున్నారు. నూటికి రెండు రూపాయల అరవై పైసలు, ఏడాదికి సుమా, నెలకి కాదు. వడ్డీని నెలకి నూటికి ఇన్ని రూపాయలని లెక్కేసే అలవాటున్న ఊళ్ళలో ఈ తేడా గట్టిగా చెప్పుకోవాలి.

ఇదే లెక్క వెనకనుంచి వేద్దాం. నా డబ్బుకి కనీసం ఏడాదికి 5 శాతం నికరంగా రావాలని అనుకుంటే, ఆ 1,70,000 ఎంత పెట్టుబడికి 5 శాతం? 34 లక్షలకి, అదీ రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి. అమ్మేవారు 60 అంటున్నారు. మధ్యలో ఉన్న పాతిక లక్షల పైచిలుకు మీరు గోడలకి ఇవ్వడం లేదు, అద్దెకీ ఇవ్వడం లేదు. రేపు ఆ స్థలం రేటు పెరుగుతుందన్న ఆశకి ఇస్తున్నారు. అప్పు సంగతీ ఇంతే. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువు పెట్టుకుంటే లక్షకి నెలవాయిదా సుమారు 900 రూపాయలు. నెలకి మిగిలే పద్నాలుగు వేలు మోయగలిగిన అప్పు ఎంత చూసినా పదహారు లక్షలు దాటదు. ఒక తుపాను, ఒక పెద్ద రిపేరు రావచ్చు కాబట్టి పన్నెండు దగ్గర ఆగడం తెలివి. 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం వరకూ ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు ఇవ్వగలిగినంతా అద్దె మోస్తుందని ఆ నిబంధనకి అర్థం కాదు. బ్యాంకువారు చూసేది మీ జీతాన్ని. మీ జీతం ఆగినా అద్దె వాయిదా కట్టగలదా అన్నది మీరు చూసుకోవాలి.

భూమి రేటు పెరుగుతోంది కదా, అద్దె ఎంతొస్తే ఏమిటి అని అడిగేవారికి ఒక మాట. పెరుగుతోంది, కాదనను. కానీ పెరిగేది కింద ఉన్న స్థలం. మీద ఉన్న డాబాకి ఏడాదికేడాదికీ వయసు మీదపడుతుంది. స్థలం మీదే ఆశ అయితే ఖాళీ స్థలం కొనుక్కోండి, రంగులూ పైపులూ లేని సుఖం. పెరిగిన రేటు అమ్మితేనే చేతికొస్తుంది, ఈ నెల వాయిదాకి అది పనికిరాదు. ఇంకొందరిది దీనికి ఎదురు వాదన. రెండున్నర శాతం కోసం ఈ పాట్లెందుకు, బ్యాంకులో డిపాజిట్ వేస్తే అంతకు రెట్టింపు పైన వస్తుంది కదా అంటారు. ఆ వాదనలో బలం ఉంది, కొట్టిపారేయలేం. డిపాజిట్ వడ్డీ ధరలతో పాటు పెరగదు, అద్దె పెరుగుతుంది. పదేళ్ళ తర్వాత ఇంటి పక్షం కొంత గట్టిపడుతుంది. ఆ పదేళ్ళూ ఇంటిని నిలబెట్టుకోగలిగినవారికే ఆ లాభం. అప్పు మీద కొని మూడో ఏట అమ్ముకోవలసి వచ్చినవారికి డిపాజిట్ వడ్డీ, అద్దె పెరుగుదల రెండూ పోతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అక్కడ నాలుగు వాటాల దాకా ఉన్న ఇంటిని మామూలు ఇంటి కిందే లెక్కగట్టి అప్పిస్తారు. ఒక వాటాలో కొన్నవారే కాపురం ఉంటే ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ రుణం మీద మూడున్నర శాతం సొమ్ము ముందు కట్టి కొనవచ్చు, వడ్డీ ముప్పై ఏళ్ళూ మారకుండా ఉంటుంది. నెల అద్దె ఇంటి ధరలో నూటికి ఒకటి ఉండాలని అక్కడ పెట్టుబడిదారులు చెప్పుకునే సూత్రం ఒకటుంది. ఆ సూత్రం పెడితే మన అరవై లక్షల ఇంటికి నెలకి 60,000 అద్దె రావాలి. కాట్రేనికోనలో నాలుగు వాటాలకి అరవై వేలు! అంచేత అక్కడి సూత్రాలు ఇక్కడ అతకవు. తీసుకోదగ్గది ఒక్కటుంది, అది మనవాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిందే. సొంతిల్లు కింద, అద్దెవాటా పైన. సొంత స్థలంలో సొంత ఇంటి మీద అంతస్తు వేసుకునేవారికి స్థలం ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, కాపలా వేరే అక్కర్లేదు. పైన చెప్పిన లెక్క అంతా వారికి అనుకూలంగా తిరిగిపోతుంది. కాట్రేనికోన, దాని చుట్టుపక్కల గ్రామాల్లో మొదటిసారి ఈ దారిలోకి వచ్చేవారు ఇలా మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. పునాది పై అంతస్తు మోయడానికి వేసిందేనా అని ఇంజనీరుకి చూపించాలి. మేస్త్రీ మాట మీద వేయకూడదు.

కట్టి ఉన్న ఇల్లు కొనేవారికి మన తీరంలో ఒక ప్రత్యేకమైన శత్రువు ఉంది. ఉప్పు. గాల్లో ఉప్పు, బోరు నీళ్ళలో ఉప్పు, తెలియక వాడిన ఇసకలో ఉప్పు. ఇల్లు చూడటానికి వెళితే హాలూ, టైల్సూ తర్వాత చూడండి. ముందు కిటికీల మీది సన్‌షేడ్ల కింద తలెత్తి చూడండి. మెట్ల కింద పలక, బాల్కనీ అంచు, నీళ్ళ ట్యాంకు కింది స్తంభాలు చూడండి. ఊచ పోయిన దారి వెంబడే గీత గీసినట్టు పగులు, దాని పక్కన ఎర్రటి చార కనబడితే లోపల ఇనుము తుప్పు పట్టిందని అర్థం. కాంక్రీటులోని సున్నపు గుణం ఇనుము చుట్టూ ఒక పొరలా కాపలా కాస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైన ఉన్న కాంక్రీటుని పెచ్చులుగా తోసేస్తుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతపు వాతావరణాన్ని తీవ్రమైన కోవలో పెట్టి, ఎం30 కంటే తక్కువ రకం కాంక్రీటు వాడవద్దనీ, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల మందం ఉండాలనీ చెబుతుంది. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. ఉప్పు బోరు నీళ్ళతో కలిపి వేసిన శ్లాబు చూడటానికి బాగానే ఉంటుంది, కొన్నేళ్ళు పోయాక బయటపడుతుంది. అమ్మేవారు రంగు కొత్తగా వేయించారంటే నాకైతే అనుమానం. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి రంగు వేస్తే ఆర్నెల్లు దాస్తుంది. చిన్న సుత్తితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు దాగదు. ఈ పరీక్షకి రెండు వేలిచ్చి ఒక ఇంజనీరుని తీసుకెళ్ళినా బేరంలో లక్షలు మిగులుతాయి.

నీటి సంగతి కూడా ఇంతే ముఖ్యం. 1996 నవంబరు 6 తుపాను ఈ తీరానికి ఏం చేసిందో బలుసుతిప్ప వారిని అడిగితే తెలుస్తుంది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. అద్దె ఇంటి యజమానికి వరద అంటే మునగడం ఒక్కటే కాదు. మన నేలలో నీరు పైనే ఉంటుంది. రెండు రోజులు ముసురు పట్టిందంటే సెప్టిక్ ట్యాంకు ఇంకదు, దొడ్డి గదిలో నీళ్ళు వెనక్కి తంతాయి. కింది రెండు వాటాలవారు అంతవరకూ ఎంత నెమ్మదస్తులైనా మర్నాడే ఇల్లు వెతకడం మొదలుపెడతారు. వీధి మట్టానికి ఇంటి గచ్చు ఎంత ఎత్తుందన్నది కొలిచి చూసుకోవాలి. రోడ్డు మళ్ళీ మళ్ళీ వేసి పెరిగితే ఇల్లు గుంటలో పడిపోతుంది. బీమా మాట ఎత్తితే మనకి నవ్వులాట. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పేరుతో అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే తీరు పాలసీ ఇస్తున్నాయి. తుపాను, వరద నష్టాలు అందులో ఉన్నాయి. ఒక వాటా ఒక నెల అద్దెతో పోల్చి చూసుకుని, ఖరీదెక్కువని అనిపిస్తే మానుకోండి.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు. ముప్పై ఏళ్ళకి ఈసీ తీయించడం అందరికీ తెలుసు. మన మండలంలో అది చాలదు. తీరం వైపు ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములున్నాయి. 1977 నాటి అసైన్డు భూముల చట్టం వాటి అమ్మకాలని నిషేధించింది. నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూసుకోవాలి. సముద్రానికి దగ్గరైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. పల్లె ప్రాంతాల్లో జనసాంద్రత తక్కువైన చోట పోటు నీటి గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకి వీల్లేదు. ప్రవాసులకి ఇంకో ముడి ఉంది. విదేశాల్లో స్థిరపడినవారు మన దేశంలో ఇల్లు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట కొనకూడదు. కోనసీమలో చాలా ఇళ్ళు కొబ్బరి తోటలోనే ఉంటాయి, ఇల్లూ తోటా ఒకే దస్తావేజులో రాసి ఉంటాయి. అక్కడే చిక్కుకుంటారు. ఇల్లు కొన్నాక గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండిపోతే అద్దె మామూలుగా ప్రవాసుల ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. ప్రవాస యజమానికి అద్దె చెల్లించేటప్పుడు పన్ను మినహాయించి కట్టే బాధ్యత అద్దెకున్నవారిదే. ఐదు వేల అద్దె కట్టే కుటుంబానికి ఈ తలనొప్పి ఎవరు చెబుతారు? అందుకని తల్లిదండ్రుల పేరనే కొనడమో, లెక్కలు చూసేవారిని పెట్టుకోవడమో ముందే తేల్చుకోవాలి.

కొన్న తర్వాతి పనిని మనవాళ్ళు పనిగా లెక్కపెట్టరు. ఒప్పందం రాసుకోవడం నామోషీ, పైగా తెలిసినవాళ్ళేనండీ అంటారు. తెలిసినవారితోనే రాసుకోవాలి, గొడవ పడితే పోయేది చుట్టరికం కూడా. ఏడాదికి మించిన లీజుని రిజిస్టరు చేయించాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వల్ల పదకొండు నెలల కాగితం అలవాటైంది. అందులో అద్దె, ఏటా పెంపు, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు, ఏ రిపేరు ఎవరిదో స్పష్టంగా రాయాలి. కేంద్రం 2021లో పంపిన నమూనా అద్దె చట్టం నివాసాలకి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంటుంది, అది పాటిస్తే మర్యాదగా ఉంటుంది. కరెంటు మీటర్లు వాటాకొకటి ఉండి తీరాలి. ఒక మీటరు మీద నాలుగు కుటుంబాలు కాలిస్తే యూనిట్లన్నీ పై శ్లాబుకి ఎక్కి బిల్లు మోత మోగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ప్రభుత్వ పథకాల అర్హతకి నెలకి సగటున 300 యూనిట్ల పరిమితి ఉండటం. ఉమ్మడి మీటరు వల్ల పేద కుటుంబానికి పథకం ఆగిపోతే ఆ ఉసురు యజమానికే. అద్దె ఆలస్యమైందని కరెంటు పీకేయడం, సామాను వీధిలో పెట్టడం చట్టం ఒప్పుకోదు. ఖాళీ చేయించే దారి కోర్టు గుమ్మం గుండానే పోతుంది, అది పొడుగాటి దారి.

ఒక మాట చెప్పక తప్పదు. మన వైపు ఇల్లు అడగడానికి వచ్చినవారిని మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, ఉద్యోగం ఏమిటని అడిగే ముందే "మీరేవిట్లండీ?" అని కులం అడుగుతారు. ఆ ప్రశ్న తప్పన్నది ఒక సంగతి. పెట్టుబడి లెక్కలో కూడా అది దండగ ప్రశ్న. ఇంత చిన్న సంతలో వచ్చే నలుగురిలో ఇద్దరిని గుమ్మం దగ్గరే తిప్పి పంపిస్తే, లెక్కలో వేసుకున్న ఒక నెల ఖాళీ మూడు నెలలవుతుంది. ఒక్క వాటాలో రెండు నెలలు అదనంగా పోతే పదివేలు. ఆ డబ్బు ఎవరి జేబునుంచి పోతోందో యజమానికి తెలిసినా ఒప్పుకోరు.

ఇల్లు కొనవద్దని చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. కాట్రేనికోనలో సొంత స్థలం ఉన్నవారు పైన ఒక అంతస్తు వేసుకుని, రెండు వాటాలతో మొదలుపెట్టి, రెండేళ్ళు అద్దెల పుస్తకం రాసి చూసుకోండి. కొనే ఉద్దేశమే ఉన్నవారు ఇక్కడి ధరతో పాటు అమలాపురంలో అదే సొమ్ముకి వచ్చే అద్దెని పక్కన పెట్టి చూడండి. ఎక్కడ కొన్నా సరే, బయానా ఇచ్చే ముందు కార్తీక మాసపు ముసురులో ఒక రోజు గొడుగు వేసుకుని ఆ వీధిలోకి వెళ్ళి, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎన్ని గుమ్మాలకి తాళాలు వేలాడుతున్నాయో చూసి రండి.